బిల్లింగ్‌లో ఒక అంకె, పవర్ బీఐలో ఇంకో అంకె: ముందు తేడా యాడ పుట్టిందో పట్టుకో

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివినా. కర్నూలులో సిమెంటు, స్టీలు హోల్‌సేల్ అంగడి, నంద్యాల, ఆదోని, తాడిపత్రిలో బ్రాంచీలు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కింద ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఉచిత డేటాబేస్), ఎకౌంటెంట్ దగ్గర ట్యాలీ, షావుకారు ఫోన్లో చూసుకునేదానికి నువ్వు చేసిచ్చిన పవర్ బీఐ (డేటాను అంకెలు, చార్టులుగా చూపించే టూల్) రిపోర్టు. నెల సేల్స్ బిల్లింగ్‌తో కలవట్లేదు, పొద్దున్నే చూస్తే నిన్నటి అంకె చూపిస్తాది, రిఫ్రెష్ (కొత్త డేటా తెచ్చుకునే పని) వారానికి రెండు మూడు సార్లు ఫెయిల్ అవుతాది, రిపోర్టు తెరుచుకోడానికి చానా సేపు పడుతాది, కాబట్టి టూల్ మార్చాల్నా, కొత్త సర్వర్ కొనాల్నా అని అడిగినావు.

రెండూ వద్దు. ఇప్పుడే వద్దు. నీ డేటా సైజు చెప్పినావు కదా, బిల్లు లైన్లు కొన్ని లక్షలు, అది పవర్ బీఐకి పెద్ద లెక్కే కాదు. అంకె కలవని రిపోర్టును తీసుకపోయి ఇంకో టూల్లో పెడితే ఆడ కూడా అదే తప్పు అంకె వస్తాది, రంగులు మాత్రం మారుతాయి. అనంతపురం, ప్రొద్దుటూరు, కడప వైపు ఇట్లాంటి అంగళ్ళకు, మిల్లులకు చానా ఏళ్ళ నుంచి చేస్తాన్నా, అంకె కలవని కేసుల్లో టూల్ తప్పు ఉండేది చానా అరుదు. తప్పు ఎప్పుడూ దారిలో ఉంటాది, బిల్లు కొట్టిన చోటు నుంచి షావుకారు ఫోను దాకా వచ్చే దారిలో ఏదో ఒక మెట్టు దగ్గర అంకె మారిపోతాది, ఆ మెట్టు ఏదో పట్టుకుంటే పని అయిపోయినట్టే.

పట్టుకునేది ఎట్లంటే, నెల మొత్తం పెట్టుకోవద్దు. నెల టోటల్లో తేడా వెతికితే తెల్లార్లూ కూర్చున్నా దొరకదు ఎందుకంటే ఒక చోట ఎక్కువ వచ్చింది ఇంకో చోట తక్కువ వచ్చిందాన్ని కప్పేస్తాది. ఒక్క రోజు, ఒక్క బ్రాంచి తీసుకో. తాడిపత్రి, పోయిన మంగళవారం, అంతే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే డే రిపోర్టు టోటల్ ఒక కాగితం మీద రాయి. దాని కింద నేరుగా ఎస్‌క్యూఎల్ మేనేజ్‌మెంట్ స్టూడియోలో బిల్లు హెడర్ టేబుల్ (బిల్లుకు ఒక్క వరస ఉండేది) మీద, ఏ జాయినూ (ఇంకో టేబుల్‌ను కలిపేది) లేకుండా, అదే రోజు అదే బ్రాంచికి సమ్ కొట్టి వచ్చింది రాయి. దాని కింద నువ్వు పవర్ బీఐకి పెట్టిన వ్యూ (డేటాబేస్‌లో రాసిపెట్టిన క్వెరీ) నుంచి అదే సమ్. ఆ తర్వాత పవర్ క్వెరీలో (పవర్ బీఐలోకి డేటా తెచ్చి సర్దే భాగం) చివరి స్టెప్ దగ్గర అదే రోజుకు ఎంతొచ్చిందో, ఆఖర్న రిపోర్టులో కార్డు మీద ఎంత కనపడిందో. ఐదు అంకెలు వరసగా వస్తాయి. ఏ రెండిటి మధ్య మారిందో ఆడ కూర్చో, మిగతాది తాకొద్దు. చానా మంది నేరుగా డ్యాక్స్ మెజర్ (రిపోర్టులో అంకెను లెక్కేసే ఫార్ములా) తెరిచి దాన్ని కెలుకుతారు, మెజర్ బాగానే ఉంటాది, దాని కిందున్న వ్యూలోనే అంకె రెండింతలై ఉంటాది.

అంతకంటే ముందు ఒక మాట మీ షావుకారును, ఎకౌంటెంటును కలిపి కూర్చోబెట్టి అడుగు: సేల్స్ అంటే మీ దృష్టిలో ఏంది? జీఎస్టీతో కలిపా, లేకుండానా? లారీ బాడుగ, హమాలీ బిల్లులో వేస్తే అది సేల్స్‌లోకి వస్తాదా? తిరిగొచ్చిన సరుకు క్రెడిట్ నోటు ఏ తేదీలో తీసేయాల, బిల్లు తేదీలోనా, నోటు తేదీలోనా? షావుకారు మనసులో చేతికొచ్చే డబ్బు ఉంటాది, ఎకౌంటెంటు మనసులో ట్యాక్స్ లేని అంకె ఉంటాది, నీ రిపోర్టులో మూడోది ఉంటాది. మూడూ కరెక్టే, కానీ ఎప్పటికీ కలవవు. ఒప్పుకున్నదాన్ని రిపోర్టు మొదటి పేజీలోనే తెలుగులో ఒక లైను రాసిపెట్టు, "ఈ అంకెలో జీఎస్టీ లేదు, బాడుగ లేదు, క్రెడిట్ నోట్లు తీసేసినం" అని. సగం ఫోన్లు ఆడనే ఆగిపోతాయి.

ఇంక నువ్వు పెట్టిన క్వెరీ చూసినా. బిల్లు హెడర్‌ను బిల్లు లైన్లకు జాయిన్ చేసి, దానికే మళ్ళీ రిసీట్స్ టేబుల్ కూడా జాయిన్ చేసినావు, కింద బిల్లు అమౌంట్‌కు సమ్. నీ నెల తేడాలో పెద్ద భాగం ఈడనే ఉందని నా నమ్మకం. లక్ష రూపాయల బిల్లు ఒకటి అనుకో, కస్టమరు 40,000 క్యాష్, 35,000 యూపీఐ, 25,000 చెక్కు ఇచ్చినాడు. రిసీట్స్‌లో మూడు రోలు (వరసలు). జాయిన్ చేయగానే ఆ ఒక్క బిల్లు మూడు రోలు అయితాది, ప్రతి రోలో లక్ష ఉంటాది, సమ్ కొడితే మూడు లక్షలు. దాంట్లో సిమెంటు, స్టీలు అని రెండు లైన్లు కూడా ఉంటే ఆరు లక్షలు. ఇంకోవైపు పూర్తి ఉద్దర బిల్లు, ఒక్క రూపాయి కూడా ఇంకా రాలేదు, దానికి రిసీట్ రోనే లేదు, నువ్వు పెట్టింది ఇన్నర్ జాయిన్ కాబట్టి ఆ బిల్లు మొత్తానికే మాయం. చూడు, ఒకే క్వెరీ కొన్ని బిల్లులను పెంచుతాది, కొన్నిటిని మింగేస్తాది, అందుకే నెల తేడా ఒకసారి ప్లస్సు, ఒకసారి మైనస్సు వస్తాంది నీకు.

దీనికి చానా మంది డిస్టింక్ట్ పెట్టి అతుకేస్తారు, దయచేసి ఆ పని చేయొద్దు. సమ్ లోపల డిస్టింక్ట్ పెడితే ఒకే రోజు ఇద్దరు కస్టమర్లకు 50,000, 50,000 బిల్లులు పడితే ఒకటే లెక్కకొస్తాది. సరైన దారి ఏందంటే రిసీట్స్‌ను ముందే బిల్లు నంబరు వారీగా గ్రూప్ బై చేసి, బిల్లుకు ఒక్క రో వచ్చేటట్టు చేసుకుని, అప్పుడు హెడర్‌కు లెఫ్ట్ జాయిన్ (రిసీట్ లేకపోయినా బిల్లు ఉండిపోయే జాయిన్) చేయడం. లైన్లకు కూడా అంతే. జాయిన్‌కు ముందు ఎన్ని రోలు, తర్వాత ఎన్ని రోలు అని కౌంట్ కొట్టి చూసుకునేది అలవాటు చేసుకో, హెడర్ టేబుల్‌లో 212 బిల్లులుంటే జాయిన్ తర్వాత కూడా 212 రావాల, 213 వచ్చినా ఆగి చూడాల్సిందే. ఇంకా మంచిది, పవర్ బీఐలోకి బిల్లులు, రిసీట్లు వేరువేరు టేబుళ్ళుగానే తెచ్చుకుని, రెండిటికీ కస్టమరు, తేదీ, బ్రాంచి టేబుళ్ళను కలుపు. రిలేషన్‌షిప్ గీసేటప్పుడు అది మెనీ టు మెనీ అని హెచ్చరిక చూపిస్తే ఓకే కొట్టి పోవద్దు, నీ కస్టమర్ మాస్టర్‌లో (కస్టమర్ల పట్టిక) ఒకే కోడు రెండు సార్లుందని అది నీకు చెప్తాంది.

నల్ సంగతి కూడా చూసుకో. క్యాన్సిల్ అయిన బిల్లులు తీసేసేదానికి స్టేటస్ నాట్ ఈక్వల్ క్యాన్సిల్డ్ అని వేర్‌లో (క్వెరీలో షరతు రాసే చోటు) పెట్టినావు. పాత వెర్షన్లో కొట్టిన బిల్లులకు స్టేటస్ కాలమ్ ఖాళీగా, అంటే నల్‌గా ఉంటే అవి కూడా పోతాయి, ఎందుకంటే నల్‌ను దేంతో పోల్చినా ఎస్‌క్యూఎల్ అవుననదు, కాదనదు. ఐస్ నల్ కూడా చేర్చు. నాట్ ఇన్ లోపల సబ్‌క్వెరీ పెట్టినప్పుడు దాంట్లో ఒక్క నల్ వచ్చినా మొత్తం రిజల్టే ఖాళీ అవుతాది, దాని బదులు నాట్ ఎగ్జిస్ట్స్ వాడు. లెఫ్ట్ జాయిన్ చేసి కుడివైపు టేబుల్ కాలమ్ మీద వేర్‌లో కండిషన్ పెడితే అది చప్పుడు లేకుండా ఇన్నర్ జాయిన్ అయిపోతాది, ఆ కండిషన్‌ను ఆన్ లోకి తీసుకపో. తేదీలకు బిట్వీన్ వాడినావు, బిల్ డేట్ కాలమ్‌లో టైము కూడా ఉంది కాబట్టి నెల చివరి రోజు అర్ధరాత్రి 12 తర్వాత కొట్టినవన్నీ, అంటే ఆ రోజు బిల్లులన్నీ బయటే ఉంటాయి. మొదటి తేదీ నుంచి, వచ్చే నెల మొదటి తేదీ కంటే తక్కువ, అని రాసుకో, ఏ నెలకైనా పనిచేస్తాది.

మీది సిమెంటు అంగడి కాబట్టి ఈ ముక్క మీకు చానా ముఖ్యం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. నీ ప్రాడక్ట్ మాస్టర్‌లో జీఎస్టీ రేటు అని ఒక్క కాలమ్ ఉంది, రేటు తగ్గినప్పుడు ఎవరో దాన్ని 18 చేసినారు, నీ మెజరేమో ట్యాక్సబుల్ వాల్యూను మాస్టర్‌లోని రేటుతో గుణిస్తాంది. అంటే ఆగస్టు బిల్లులకు కూడా ఇప్పుడు 18 పడుతాంది. బస్తా 300 ట్యాక్సబుల్ అనుకుంటే ఆగస్టులో కస్టమరు కట్టింది 384, నీ రిపోర్టు చెప్పేది 354, బస్తాకు 30 రూపాయలు ఎగిరిపోయె. పాత నెలలు నిన్నటిదాకా కలిసినాయి, ఉన్నట్టుండి కలవకుండా పోయినాయి అన్నావు చూడు, అది ఇదే. స్టీలుకు 18 అప్పుడూ 18 ఇప్పుడూ 18, అందుకే స్టీలు మాత్రం కలుస్తాంది, పోయి ప్రాడక్ట్ వారీగా చూసుకో. జరిగిపోయిన లావాదేవీని ఈరోజు మాస్టర్‌తో మళ్ళీ లెక్కెయ్యకూడదు. బిల్లు లైన్లో ఆ రోజు పడిన ట్యాక్స్ అమౌంట్ ఉంటాది, దాన్నే తీసుకో. మీ బిల్లింగ్‌లో అది దాచిపెట్టకపోతే రేటుకు వేరే టేబుల్ పెట్టు, ప్రాడక్టు, రేటు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు అని, బిల్లు తేదీ ఏ గడువులో పడితే ఆ రేటు.

జిల్లాల వారీ చార్టుకు కూడా ఇదే జబ్బు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినాయి కదా, 13 కాస్తా 26 అయినాయి, నంద్యాల, డోన్ కర్నూలు నుంచి నంద్యాల జిల్లాకు పోయె, ధర్మవరం, కదిరి, హిందూపురం అనంతపురం నుంచి శ్రీ సత్యసాయికి పోయె. కస్టమర్ మాస్టర్‌లో జిల్లా పేరు మార్చేస్తే 2021 సేల్స్ కూడా కొత్త జిల్లాలో కనపడుతాది, మార్చకపోతే 2022లో కర్నూలు జిల్లా సేల్స్ ఏమీ తగ్గకుండానే ఉన్నట్టు కనపడుతాది. నా సలహా, పాత జిల్లా, ప్రస్తుత జిల్లా అని రెండు కాలమ్‌లు ఊరి టేబుల్‌లో పెట్టుకో, ఏళ్ళ మధ్య పోలిక చేసేటప్పుడు ఏదో ఒక్కదాన్నే మొదటి నుంచి చివరి దాకా వాడు. ఊరి స్థాయిలో లెక్క ఉంటే రేపు జిల్లా హద్దులు మళ్ళీ మారినా నీకు బాధ లేదు.

రూపాయల్లో కాదు, పైసల్లో తేడా వస్తాంది అన్నావు కొన్ని రోజులకు. అమౌంట్ కాలమ్ ఫ్లోట్ (ఉజ్జాయింపు అంకె టైపు) అయితే డెసిమల్ 18, 2కి మార్చు, ఫ్లోట్ డబ్బు దాచుకునే టైపు కాదు. రెండోది రౌండింగ్. పవర్ క్వెరీలో నంబర్ రౌండ్ ఫంక్షన్ ఏమీ చెప్పకపోతే సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి సంఖ్య వైపు పోతాది, 2.5ను 2 చేస్తాది, ఎస్‌క్యూఎల్ రౌండ్, డ్యాక్స్ రౌండ్ రెండూ 3 చేస్తాయి. అన్నీ ఒకే చోట, ఎస్‌క్యూఎల్‌లోనే రౌండ్ చేసి తెచ్చుకో, దారిలో మళ్ళీ మళ్ళీ చేయొద్దు. ఇంకా, లైను లైనుకు రౌండ్ చేసి కూడేది, కూడినాక రౌండ్ చేసేది ఒకటి కావు, మీ బిల్లింగ్ ఏది చేస్తాదో కనుక్కుని అదే చెయ్యి.

పేర్ల దగ్గర ఇంకో చిక్కుంది. పవర్ క్వెరీకి పెద్దక్షరం, చిన్నక్షరం తేడా తెలుస్తాది, మోడల్‌కు (పవర్ బీఐలో టేబుళ్ళు కలిసి ఉండే భాగం) తెలీదు. ఇంగ్లీషులో ఆదోనిని ఒకడు అన్నీ పెద్దక్షరాల్లో, ఇంకొకడు చిన్నక్షరాల్లో కొడితే పవర్ క్వెరీలో రిమూవ్ డూప్లికేట్స్ నొక్కినా రెండూ ఉంటాయి, మోడల్లోకి పోయినాక డూప్లికేట్ వాల్యూ ఉంది, రిలేషన్‌షిప్ కుదరదు అంటాది, నువ్వేమో డూప్లికేట్లు తీసేసినా కదా అని తల పట్టుకుంటావు. ముందు ట్రిమ్, తర్వాత అప్పర్‌కేస్, ఆ తర్వాతే రిమూవ్ డూప్లికేట్స్, ఈ వరస తప్పొద్దు. అసలు పేర్ల మీద జాయిన్ చేయకుండా కోడు మీద చేస్తే ఇదంతా ఉండదు. తెలుగులో కొట్టిన పేర్లు ప్రశ్న గుర్తులుగా వస్తే కాలమ్ వార్‌కార్ (తెలుగు అక్షరాలు పట్టని టైపు) అయి ఉంటాది, దాన్ని ఎన్‌వార్‌కార్ చేసి, ఇన్సర్ట్ చేసేటప్పుడు కోట్స్ ముందు ఎన్ అక్షరం పెట్టాల. ఆల్రెడీ ప్రశ్న గుర్తులైపోయినవి మాత్రం తిరిగి రావు, మళ్ళీ కొట్టించాల్సిందే. సీఎస్‌వీని నేరుగా డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్లో తెరిస్తే తెలుగు పిచ్చి గీతలుగా కనపడుతాది, అది పోయినట్టు కాదు, డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసి 65001 యూటీఎఫ్ 8 ఎంచుకో, బాగా వస్తాది.

ట్యాలీ నుంచి ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ తెచ్చుకుంటాన్నావు కాబట్టి తేదీ ఫార్మాట్ చూసుకో. అమెరికా లొకేల్ ఉన్న మెషీన్లో ఏప్రిల్ 13 వస్తే ఎర్రర్ చూపిస్తాది, అది మంచిదే, కనపడుతాది. ఏప్రిల్ 3 వస్తే మాత్రం దాన్ని మార్చి 4 అనుకుని నోరు మూసుకుని కూర్చుంటాది, అదే ప్రమాదం, మార్చి ఏప్రిల్ అంటే ఆర్థిక సంవత్సరమే మారిపోతాది. టైప్ మార్చేటప్పుడు యూజింగ్ లొకేల్ ఎంచుకుని ఇంగ్లీష్ ఇండియా పెట్టు. ఎస్‌క్యూఎల్‌లో తేదీ రాసేటప్పుడు మధ్యలో గీతలు లేకుండా 20250401 అని ఎనిమిది అంకెలు రాయి, సర్వర్ భాష ఏదైనా దానికి ఒకటే అర్థం. డ్యాక్స్‌లో ఇయర్ టు డేట్ మెజర్‌కు ఏడాది మార్చి 31తో ముగుస్తాదని చెప్పకపోతే జనవరి నుంచి లెక్కేస్తాది, అది కూడా చూడు.

పొద్దున్నే నిన్నటి అంకె ఎందుకు చూపిస్తాదంటే, పవర్ బీఐ సర్వీసు (ఇంటర్నెట్‌లో నీ రిపోర్టు నడిచే చోటు) యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైములో నడుస్తాది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మీ షావుకారు తెల్లవారుజామున 5 గంటలకే ఫోను చూస్తాడు, లారీలు ఆ టైముకే లోడవుతాయి, అప్పుడు ఆడ ఇంకా నిన్నటి రాత్రి 11.30, కాబట్టి టుడే ఫంక్షన్ నిన్నటి తేదీ ఇస్తాది. 5.30 దాటగానే తనంతట తానే సరిపోతాది, నువ్వు తొమ్మిదింటికి ఆఫీసుకు పోయి చూస్తే అంతా బాగుంటాది, నీ మెషీన్లో డెస్క్‌టాప్‌లో చూసినా బాగుంటాది, అందుకే ఇది నీకు దొరకలేదు. మెజర్లో టుడే బదులు యూటీసీ నౌ తీసుకుని దానికి 5.5ను 24తో భాగించి కలుపు, వచ్చినదాంట్లో తేదీ భాగం తీసుకో. పవర్ క్వెరీలో అయితే డేట్‌టైమ్ జోన్ యూటీసీ నౌ తీసుకుని స్విచ్ జోన్‌లో 5, 30 ఇవ్వు, యాడ నడిచినా ఒకటే జవాబు వస్తాది. ఈరోజా కాదా అని క్యాలిక్యులేటెడ్ కాలమ్‌లో పెట్టుకుని ఉంటే దాన్ని తీసి మెజర్ చెయ్యి, కాలమ్ రిఫ్రెష్ అయినప్పుడు మాత్రమే లెక్కేస్తాది, రాత్రి రిఫ్రెష్ ఫెయిలైతే తేదీ కూడా పాతదే ఉండిపోతాది.

రిఫ్రెష్ ఫెయిలయ్యేదానికి నువ్వు రాసిన దాంట్లోనే జవాబుంది, గేట్‌వేను (అంగడి డేటాను పవర్ బీఐ సర్వీసుకు చేర్చే సాఫ్ట్‌వేర్) నీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నానన్నావు. ల్యాప్‌టాప్ మూత వేసి ఇంటికి పోతే గేట్‌వే కూడా ఇంటికే పోతాది. ఎప్పుడూ ఆన్‌లో ఉండే మెషీన్లో, కర్నూలు అంగడిలో డేటాబేస్ ఉన్న నెట్‌వర్క్‌లోనే, స్లీప్ ఆఫ్ చేసి, పర్సనల్ మోడ్ కాకుండా స్టాండర్డ్ మోడ్‌లో పెట్టు. డెస్క్‌టాప్‌లో సర్వర్ పేరు ఎట్ల కొట్టినావో గేట్‌వే డేటా సోర్సులో అక్షరం తేడా లేకుండా అట్లనే ఉండాల, ఒక చోట లోకల్‌హోస్ట్, ఇంకో చోట ఐపీ అడ్రస్ పెడితే రెండూ ఒకే మెషీనైనా దానికి వేరే వేరే. రిపోర్టులో వాడిన ప్రతి లోకల్ సోర్సు, ఆ ట్యాలీ ఎక్సెల్ ఫైలుతో సహా, గేట్‌వేలో చేర్చాల. వరసగా నాలుగు సార్లు ఫెయిలైతే షెడ్యూల్ తనంతట తానే ఆగిపోతాది, నువ్వు తప్పు సరిచేసినా మళ్ళీ నువ్వే పోయి ఆన్ చేయాల. ప్రో లైసెన్సులో రోజుకు 8 రిఫ్రెష్‌లే కాబట్టి వాటిని అంగడి టైముకు తగ్గట్టు పెట్టుకో, షావుకారు చూసేదానికి అరగంట ముందు ఒకటి ఖచ్చితంగా ఉండాల.

కరెంటు పోయొచ్చినాక బ్రాంచీల నుంచి డేటాబేస్ కనెక్ట్ కావట్లేదు, ఎర్రర్ 26 అంటాది అన్నావు. సర్వర్ ఇన్‌స్టెన్స్ (నడుస్తున్న డేటాబేస్ సర్వర్) దొరకలేదని దాని అర్థం. ఎక్స్‌ప్రెస్ నేమ్డ్ ఇన్‌స్టెన్స్ డైనమిక్ పోర్టు వాడుతాది, రీస్టార్ట్ అయినప్పుడు ఆ పోర్టు మారొచ్చు, ఏ పోర్టో చెప్పాల్సిన ఎస్‌క్యూఎల్ బ్రౌజర్ సర్వీసు ఆగిపోయి ఉంటాది, లేదా ఫైర్‌వాల్ దాని యూడీపీ 1434ను ఆపుతాంటాది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో టీసీపీ ఐపీ ఎనేబుల్ చేసి, ఐపీ ఆల్ కింద డైనమిక్ పోర్టు గడి ఖాళీ చేసి, 1433 అని స్థిరంగా పెట్టి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టు మీ లోపలి నెట్‌వర్క్‌కు మాత్రం తెరువు. ఇంటర్నెట్‌కు తెరవొద్దు, బ్రాంచీలు బయట నుంచి రావాలంటే వీపీఎన్ పెట్టుకోండి. ఇంక మన వైపు ఎండాకాలం కరెంటు సంగతి చెప్పాల్నా, ఆ మెషీనుకు యూపీఎస్ లేకుండా ఒక్క రోజు కూడా నడపొద్దు, సర్వర్ కొనేదానికి పెట్టాలనుకున్న డబ్బులో కొంచెం దీనికి పెట్టించు. సడన్‌గా ఆగిపోయిన ప్రతిసారి డీబీసీసీ చెక్‌డీబీ (డేటాబేస్ చెడిందేమో చూసే కమాండు) కొట్టి చూడు. రిపేర్ అలౌ డేటా లాస్ అని ఒక ఆప్షన్ కనపడుతాది, పేరులోనే చెప్తాంది డేటా పోతాదని, బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసే దారి ఉన్నంతవరకు దాని జోలికి పోవద్దు.

స్లో సంగతికి వస్తే, పర్ఫార్మెన్స్ ఎనలైజర్ ఆన్ చేసి పేజీ తెరువు, ఏ విజువల్ ఎంత టైము తింటాదో, దాంట్లో డ్యాక్స్‌కు ఎంత, గీయడానికి ఎంత అని విడివిడిగా చెప్తాది. ఒకే పేజీలో ఇరవై ముప్పై విజువల్స్ పెట్టే అలవాటు ఉంటే అది మానుకో, ఫోన్లో చూసే షావుకారుకు నాలుగైదు చాలు. హెడర్ టేబుల్ నుంచి కాలమ్‌లన్నీ తెచ్చుకుంటాన్నావు, వాడనివి తీసేయ్. బిల్లు టైము సెకన్లతో సహా ఒకే కాలమ్‌లో ఉంటే దాదాపు ప్రతి రో వేరే విలువ అవుతాది, పవర్ బీఐ కుదించలేదు, తేదీ ఒక కాలమ్, గంట ఒక కాలమ్‌గా విడదీయి. ఆప్షన్స్‌లో ఆటో డేట్ టైమ్ ఆపేయ్, అది ప్రతి తేదీ కాలమ్‌కు కనపడకుండా ఒక టేబుల్ తయారుచేస్తాది, నువ్వే ఒక్క తేదీ టేబుల్ పెట్టుకుని మార్క్ యాజ్ డేట్ టేబుల్ చెయ్యి. డైరెక్ట్ క్వెరీ వద్దు, మీ సైజుకు ఇంపోర్టే (డేటా కాపీ తెచ్చుకునేది) సరి, డైరెక్ట్ క్వెరీ పెడితే షావుకారు ఫోన్లో వేలు పెట్టిన ప్రతిసారి కౌంటర్లో బిల్లు కొడుతున్న అదే మెషీను మీద క్వెరీ పడుతాది. పవర్ క్వెరీలో ఫిల్టర్లు ముందు స్టెప్పుల్లోనే పెట్టు, స్టెప్ మీద రైట్ క్లిక్ చేస్తే వ్యూ నేటివ్ క్వెరీ వెలుగుతా ఉంటే ఆ పని డేటాబేస్ చేస్తాందని, వెలగకపోతే మొత్తం డేటా లాక్కొచ్చి నీ మెషీన్లో చేస్తా ఉండొచ్చని అర్థం.

ఎస్‌క్యూఎల్ వైపు, వేర్‌లో ఇయర్ ఆఫ్ బిల్ డేట్ ఈక్వల్ 2024 అని రాస్తే బిల్ డేట్ మీద ఇండెక్స్ ఉన్నా దాంట్లో నేరుగా ఆ తేదీలకు పోలేదు, మొత్తం తిరగాల్సొస్తాది, తేదీని 20240101 కంటే ఎక్కువ లేదా సమానం, 20250101 కంటే తక్కువ అని రాయి. కౌంటర్లో బిల్లు కొట్టేటప్పుడు హ్యాంగ్ అవుతాది అంటే ఎస్పీ హూ 2 కొట్టి బ్లాక్డ్ బై కాలమ్ చూడు, ఎవరో మేనేజ్‌మెంట్ స్టూడియోలో ట్రాన్సాక్షన్ తెరిచి కమిట్ చేయకుండా టీకి పోయి ఉంటారు. నోలాక్ పెడితే స్పీడుగా వస్తాదని అందరూ చెప్తారు, డబ్బు లెక్కలకు మాత్రం పెట్టొద్దు, కమిట్ కాని అంకెలు చదువుతాది, ఒకే రోను రెండు సార్లు చదవచ్చు, కొన్నిటిని వదిలేయచ్చు, మళ్ళీ మొదటి సమస్యకే వస్తావు. ఎక్స్‌ప్రెస్‌లో డేటాబేస్‌కు ఆటో క్లోజ్ ఆన్‌లో ఉందేమో కూడా చూసి ఆఫ్ చెయ్యి, ఎవరూ వాడనప్పుడు మూసుకుని, మళ్ళీ మొదటివాడు వచ్చినప్పుడు తెరుచుకునేదానికి టైము తీసుకుంటాది.

డేటాబేస్ నిండిపోతాదా అని భయపడుతున్నావు. 2022 వెర్షన్ దాకా ఎక్స్‌ప్రెస్‌లో ఒక డేటాబేస్‌కు 10 జీబీ హద్దు, 2025 వెర్షన్‌లో అది 50 జీబీ చేసినారు. ఈ లెక్క డేటా ఫైలుకే, లాగ్ ఫైలుకు (జరిగిన ప్రతి మార్పు రాసుకునే ఫైలు) కాదు. నీ ఫోల్డర్లో పెద్దగా కనపడేది ఎల్‌డీఎఫ్, అంటే లాగ్. రికవరీ మోడల్ ఫుల్‌లో ఉండి, లాగ్ బ్యాకప్ ఎప్పుడూ తీయకపోతే అది పెరుగుతానే ఉంటాది. దాన్ని డిలీట్ మాత్రం చేయొద్దు, డేటాబేసే తెరుచుకోకుండా పోతాది. మధ్యాహ్నం 3 గంటలకు ఎట్లుందో అట్ల కావాల అనే అవసరం ఉంటే లాగ్ బ్యాకప్‌లు పెట్టు, రాత్రి బ్యాకప్ చాలు అనుకుంటే సింపుల్ మోడల్‌కు మార్చు, కానీ ఆ మాట షావుకారుతో చెప్పి, ఒకరోజు బిల్లులు పోయే అవకాశం ఉందని ఒప్పించి మార్చు. ఎక్స్‌ప్రెస్‌లో ఎస్‌క్యూఎల్ ఏజెంట్ ఉండదు, ఎస్‌క్యూఎల్ సీఎండీతో ఒక చిన్న స్క్రిప్టు రాసి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రికి పెట్టు. బ్యాకప్ అదే డిస్కులో కాకుండా ఇంకో చోటికి పోవాల, నెలకొకసారి దాన్ని వేరే మెషీన్లో రీస్టోర్ చేసి ఒక రోజు సేల్స్ సమ్ కొట్టి చూడాల. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ అని లెక్కపెట్టను.

టూల్ మార్చే మాటకు ఒకటే, మెటాబేస్, సూపర్‌సెట్ లాంటి ఓపెన్ సోర్సువి ఉన్నాయి, బాగుంటాయి, లైసెన్సు ఖర్చు భారమైతే ఆలోచించుకోవచ్చు, కానీ అంకెలు కలిసినాకనే ఆలోచించు. ఖర్చు మిగులుతాదని పబ్లిష్ టు వెబ్ లింకు తీసి షావుకారు వాట్సాప్‌కు పంపినావని చివర్లో రాసినావు, అది ఈరోజే తీసేయ్ తమ్ముడూ. ఆ లింకుకు లాగిన్ లేదు, చేతికి దొరికిన ఎవరైనా చూడొచ్చు, మీ కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత ఉద్దర ఉన్నారో అన్నీ దాంట్లో ఉన్నాయి. మేనేజ్ ఎంబెడ్ కోడ్స్‌లోకి పోయి డిలీట్ చెయ్యి, షావుకారుకు ప్రో లైసెన్సు ఒకటి తీసుకుని యాప్‌లో షేర్ చెయ్యి.

ముందు తాడిపత్రి మంగళవారం ఐదు అంకెలు తియ్యి, రిసీట్స్ జాయిన్ విడదీయి, ట్యాక్స్‌ను బిల్లు లైన్ల నుంచి తీసుకో. ఆ తర్వాత కూడా తేడా ఉంటే ఆ ఐదు అంకెలు, మార్చిన క్వెరీ ఈడనే పెట్టు, కస్టమర్ల పేర్లు, నంబర్లు చెరిపేసి పెట్టు, చూసి చెప్తా.